నేపథ్యము లేని బొమ్మ

'నేపథ్యము' అను మాటకు నాటకశాస్త్రమున తెరవెనుక నటులు వేషము ధరించు చోటు అని అర్థము. నేడు మనము ఆ మాటనే చిత్రములో బొమ్మ వెనుక కనిపించు దృశ్యమునకు వాడుచున్నాము. ఈ రెండు అర్థములును ఒక్కచోట కలిసిన కళ తెలుగునాట కలదు. అది తోలుబొమ్మలాట. ఆ బొమ్మలు చేయుటకును ఆడించుటకును పేరుపొందిన తావులలో పలనాటి నరసరావుపేట ఒకటి. ఈనాటి కంప్యూటరు చిత్రకళలోని ఒక యుక్తికి ఆ బొమ్మలకు గల పోలికను ఇచ్చట కొంత విచారింతము.

శుభలేఖలు, తిరునాళ్ళ బ్యానర్లు కూర్చు చిత్రకారుడు నేడు ప్రతి బొమ్మను తానే గీయడు. పూర్ణకుంభమో, నందియో, మామిడితోరణమో సిద్ధముగా దొరకు బొమ్మల కోశమునుండి తెచ్చుకొనును. ఆ బొమ్మ వెనుక తెల్లని చదరము ఉన్నచో అది ఎఱ్ఱని కాగితముపై అతుకువలె కనిపించును. కావున వెనుక భాగము పారదర్శకమైన బొమ్మ కావలెను. ప్రతి చుక్కకును ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల అంకెలతోపాటు, ఆ చుక్క ఎంత కనబడవలెనో తెలుపు నాలుగవ అంకెను చేర్చు పద్ధతిని 1977లో అమెరికాలో ఆల్వీ రే స్మిత్, ఎడ్ కాట్మల్ కల్పించిరి. బొమ్మపై బొమ్మను పేర్చుటకు వలసిన గణితసూత్రములను 1984లో పోర్టర్, డఫ్ అను వారు ప్రకటించిరి. 1996లో వెలువడిన పీఎన్‌జీ అను రూపము ఆ నాలుగవ అంకెను భద్రపరచును. సామాన్యముగా ఛాయాచిత్రములకు వాడు జేపెగ్ రూపము దానిని నిలుపుకొనలేదు. అందుచేతనే పారదర్శకమైన బొమ్మను జేపెగ్‌గా మార్చినంతనే వెనుక రంగు వచ్చి నిండును.

తోలుబొమ్మలవారు ఈ లెక్కను అంకెలు లేకయే ఎఱుగుదురు. మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు తీసి, వెలుతురు చొచ్చునంత పలుచగా గీకి, బిగించి ఎండబెట్టుదురు. దానిపై రూపురేఖ గీసి, అంచు వెంబడి కోసి, రెండు వైపులను రంగులు అద్దుదురు. నడుమ వెదురుబద్ద వెన్నెముకగా నిలుచును. చేతులు, తల వేరుగా కోసి దారముతో కూర్చుటచే అవి కదలును. నగలున్న చోట్ల ఉలితో సన్నని చిల్లులు పొడుచుదురు. దీపము వెలిగినపుడు ఆ చిల్లులగుండా తెల్లని వెలుగు నేరుగా వచ్చి, ముత్యములవలె మెఱయును. రంగు అద్దిన తోలు కొంత వెలుగును ఆపి, కొంత విడుచును. నల్లని రేఖ వెలుగును పూర్తిగా ఆపును. అనగా సంపూర్ణముగా పారదర్శకము, సగము పారదర్శకము, అపారదర్శకము అను మూడు మెట్లును ఒక్క తోలుపైననే ఉన్నవి.

రెండు పనులలోను కష్టమైనది అంచే. చేతికిని నడుమునకును మధ్యనున్న తోలును కోయక విడిచినచో తెరపై అది మచ్చగా పడును. కంప్యూటరు బొమ్మలో పాత నేపథ్యపు రంగు అంచున మిగిలి తెల్లని చాఱగా కనిపించుట ఇట్టి దోషమే. బొమ్మను తెరకు ఆనించి పట్టినచో అంచు స్పష్టముగా ఉండును. వెనుకకు జరిపినకొలది నీడ పెరిగి మసకబారును. ఆటగాడు దీనిని దోషముగా గాక విద్యగా వాడుకొని, పాత్ర వచ్చుటను, పోవుటను చూపును. ఆడని బొమ్మలను ఈతముళ్ళతో తెరకు గ్రుచ్చి నిలుపుదురు.

బొమ్మల బుట్ట ఆ కుటుంబమునకు సిద్ధచిత్రముల కోశము. అందలి చెట్టు ఒక రాత్రి పంచవటి కావచ్చును, మఱునాటి రాత్రి అశోకవనము కావచ్చును. తెల్లని తెరపై నేల లేదు, ఆకాశము లేదు. వానిని కల్పించునది పాట. రంగనాథ రామాయణపు ద్విపదలు వినిపించినంతనే ప్రేక్షకుడు తన మనస్సులోనే అడవిని మొలిపించుకొనును. రేడియో నాటకము వినువారికి ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈ కళ ప్రాచీనము. పదుమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రములో, శ్రీశైలమునందలి వేడుకలను చెప్పుచు తెరబొమ్మలాటను స్మరించెను. నేడు దీనిని నిలిపినవారిలో ఇంట మరాఠీ యాస మాటాడుచు, తెరవెనుక తెలుగు పాడు ఆరె కుటుంబములు ముఖ్యులు. జుట్టుపోలిగాడు, బంగారక్క పలుకు మోటహాస్యము మాత్రము అచ్చపు తెలుగే. సినిమా వచ్చిన పిదప రాత్రి పొడుగునా సాగు ఆటలకు ఆదరణ తగ్గెను. పలువురు అదే తోలుతో దీపపు గొడుగులు, గోడ అలంకారములు చేసి జీవించుచున్నారు. అనంతపురము సీమలోని నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడుట ఈ కళకు దక్కిన గౌరవము.

బొమ్మను నేపథ్యమునుండి వేఱుచేయుట తప్పా? పలనాడే దీనికి సమాధానము చెప్పుచున్నది. నాగార్జునసాగరపు నీటిలో లోయ మునుగనున్నదని తెలిసి, 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున నాగార్జునకొండలో త్రవ్వకములు సాగెను. ఇక్ష్వాకుల కాలపు శిల్పములను వాని నేలనుండి తీసి కొండపైకి చేర్చిరి. అచ్చటి ప్రదర్శనశాల 1966లో ఏర్పడెను. ఆ శిల్పముల వెనుకనున్న లోయ ఇక లేదు. అయినను నూఱింటికి పైగా స్థలములను గుర్తించి, కొలిచి, పటములు గీసి ఉంచుటచే, ఏ రాయి ఏ కట్టడమునకు చెందినదో నేటికిని తెలిసికొనగలుగుచున్నాము.

తోలుబొమ్మకు అట్టి పటము లేదు. రావణుని తల దీపపు గొడుగుపైకి వచ్చినపుడు ద్విపద దానివెంట రాదు. ఛాయాచిత్రమునుండి ఆంజనేయుని అంచు వెంబడి కోసి, పారదర్శక చిత్రముగా కోశమున చేర్చినపుడు, దానిని గీకి, కోసి, చిల్లులు పొడిచిన చేతి పేరు ఆ నాలుగు అంకెలలో దేనియందును ఇమడదు. కోయుట తప్పు కాదు. తోలుబొమ్మ పుట్టుకయే కోతతో జరిగినది. ఎచ్చటినుండి కోసితిమో వ్రాసి ఉంచకపోవుటయే తప్పు. ఆ బొమ్మను శుభలేఖపై అచ్చువేయువారు చేసినవారి పేరును, ఊరి పేరును మూలను చిన్న అక్షరములతో చేర్చినచో వ్యయమేమియు పెరుగదు. బుట్టలోని బొమ్మలు తెరమీదికి వచ్చు రాత్రులు తగ్గుచున్న ఈ కాలమున, మనము వానికి ఈయగల నేపథ్యము అంతమాత్రమైనను కలదు.