ఊపిరి నిలిపిన డెబ్బై ఏళ్లు

1952 ఆగస్టులో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌ను పోలియో కమ్ముకుంది. అంటువ్యాధులు చూసే బ్లెగ్‌డామ్ ఆస్పత్రికి పిల్లలు రోజూ పదుల సంఖ్యలో వచ్చిపడుతున్నారు. ఊపిరి తీసుకునే కండరాలు చచ్చుబడినవారి కోసం అక్కడున్నవి ఒక ఇనుప ఊపిరితిత్తి పెట్టె, ఛాతీకి తొడిగే చిన్న యంత్రాలు ఆరు. మొదటి మూడు వారాల్లో అలాంటి రోగులు 31 మంది చేరితే 27 మంది చనిపోయారు.

ప్రధాన వైద్యుడు లాసెన్, మత్తు డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్‌ను సలహాకు పిలిచారు. పిల్లల రక్తంలో బైకార్బొనేట్ బాగా ఎక్కువగా కనిపిస్తోంది. దాన్ని అంతుపట్టని క్షార దోషంగా అక్కడి వైద్యులు భావిస్తున్నారు. ఇబ్సెన్ ఆ అంకెను వేరుగా చదివారు. ఊపిరి చాలక కార్బన్ డయాక్సైడ్ ఒంట్లోనే పేరుకుపోతోందని, పిల్లల ప్రాణం తీస్తున్నది అదేనని తేల్చారు. ఆగస్టు 27న 12 ఏళ్ల అమ్మాయికి గొంతు దగ్గర కోసి, శ్వాసనాళంలోకి గొట్టం వేసి, దానికి తగిలించిన రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించారు. అమ్మాయి బతికింది. ఆ తర్వాత నెలల తరబడి దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని, పిల్లల తలాపున కూర్చుని, రేయింబవళ్లు ఆ సంచులు నొక్కారు. నూటికి 87 దాకా ఉన్న మరణాలు క్రమంగా పాతిక దగ్గరకు దిగాయి. మరుసటి ఏడాదే ఇబ్సెన్ అదే నగరంలో, ఏ జబ్బుతో వచ్చినా ప్రాణం మీదకు వచ్చినవారందరినీ ఒకచోట ఉంచి కనిపెట్టుకునే వార్డు తెరిచారు. ఈనాటి ఐసీయూకు అది మొదలు.

అప్పటికే మరో అవయవానికి ఆసరా దొరికింది. 1943లో, నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లోని కాంపెన్ అనే చిన్న ఊళ్లో, విల్లెమ్ కోల్ఫ్ సెల్లోఫేన్ గొట్టాలతో డయాలసిస్ యంత్రం తయారుచేశారు. తొలి రోగుల్లో దాదాపు అందరూ చనిపోయినా ఆయన పట్టు వదల్లేదు. 1945లో 67 ఏళ్ల మహిళ ఆ యంత్రం చలవతో స్పృహలోకి వచ్చి బతికారు. 1971లో గుండె, ఊపిరితిత్తుల పనిని ఒంటి బయటే చేసే ఎక్మో ఒక యువకుణ్ణి కాపాడింది. ఈ యంత్రాల్లో ఏదీ జబ్బు నయం చేయదు. అవయవం తనంతట తాను కోలుకునేదాకా గడువు ఇస్తుంది, అంతే. ఆ గడువులో మనం చేసే ప్రతి పనీ రోగికి మేలో కీడో చేస్తుంది. ఏది మేలు, ఏది కీడు అని తేల్చుకోవడమే తర్వాతి యాభై ఏళ్ల పరిశోధనకు సారం.

1970లో స్వాన్, గాంజ్ కొస బెలూన్ ఉన్న సన్నని గొట్టాన్ని రక్తనాళం గుండా గుండె దాటించి ఊపిరితిత్తుల ధమనిలోకి పంపే పద్ధతి తెచ్చారు. గుండె ఎంత రక్తం తోడుతోందో మంచం పక్కనే తెలిసిపోయింది. పెద్ద ఐసీయూల్లో అది రివాజైంది. 2005లో బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా రోగులతో జరిపిన అధ్యయనంలో, ఆ గొట్టం వేసినవారికీ వేయనివారికీ మరణాల్లో తేడా కనబడలేదు. దశాబ్దాల పాటు గట్టి పరీక్ష లేకుండానే పాతుకుపోయిన నమ్మకం అది.

అంతకంటే పెద్ద పాఠం వెంటిలేటర్ నేర్పింది. వాపెక్కి నీరు చేరిన ఊపిరితిత్తులకు కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున పెద్ద పెద్ద ఊపిరులు ఇవ్వడం మామూలుగా ఉండేది. అమెరికాలో 861 మంది రోగులతో జరిగి 2000లో వెలువడిన అధ్యయనం దాన్ని 6 మిల్లీలీటర్లతో పోల్చింది. ఆ కిలోలు కూడా తూకం మీద చూసినవి కావు, ఎత్తును బట్టి కట్టినవి. మనిషి లావైనంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు కదా. మొదటి రోజుల్లో పెద్ద ఊపిరి తీసుకున్నవారికే ఆక్సిజన్ అంకెలు మెరుగ్గా ఉన్నాయి. చివరికి వాళ్లలో నూటికి దాదాపు 40 మంది చనిపోతే, చిన్న ఊపిరివాళ్లలో 31 మంది చనిపోయారు. గాయపడ్డ ఊపిరితిత్తిని సాగదీయడం గోరుచుట్టు మీద రోకటిపోటు. మానిటర్ మీద అంకె బాగుపడటం వేరు, మనిషి బాగుపడటం వేరు. ఐసీయూ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే సత్యం ఇదే.

చక్కెర విషయంలోనూ ఇదే రుజువైంది. 2001లో బెల్జియంలోని లూవెన్‌లో, ఇన్సులిన్‌తో రక్తంలో చక్కెరను గట్టిగా అదుపు చేస్తే మరణాలు తగ్గాయన్న ఫలితం వచ్చింది. ప్రపంచమంతా ఆ దారి పట్టింది. 2009లో ఆరు వేలకు పైగా రోగులతో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా పరిశోధకులు మళ్లీ పరీక్షిస్తే, గట్టి అదుపులో ఉన్నవారే ఎక్కువగా చనిపోయారు. 180 దాటకుండా చూసుకుంటే చాలని తేలింది. రక్తం ఎక్కించడంలో, మత్తు ఇవ్వడంలో, డయాలసిస్ మొదలుపెట్టడంలో కూడా ఆచితూచి వెళ్లడమే మంచిదని వరుసగా రుజువైంది.

ముందుజాగ్రత్త వైద్యానికీ ఈ పరీక్ష తప్పలేదు. తీవ్రంగా జబ్బుపడినవారికి కడుపులో పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు. అందుకే మనం గ్యాస్ మాత్ర అనే పాంటాప్రజోల్‌ను ఐసీయూలో దాదాపు అందరికీ ఇవ్వడం అలవాటైంది. డెన్మార్క్ పరిశోధకులు మరికొన్ని యూరప్ దేశాలతో కలిసి 2018లో, కెనడా వైద్యురాలు డెబొరా కుక్ బృందం 2024లో దాన్ని మందు లేని ఇంజెక్షన్‌తో పోల్చి చూశారు. రెండో అధ్యయనంలో ముఖ్యమైన రక్తస్రావం నూటికి 3.5 నుంచి 1కి తగ్గింది. మరణాల్లో మాత్రం రెండుసార్లూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మందు పనిచేస్తుంది, దాని మేలుకు హద్దు ఉంది. ఈ రెండూ తెలిస్తేనే ఎవరికి ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరు నిర్ణయించగలరు.

మందే లేని ముందుజాగ్రత్త ఇంకా గొప్ప ఫలితమిచ్చింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో పీటర్ ప్రొనొవోస్ట్ బృందం అయిదు పనులు పట్టుబట్టి చేయించింది. చేతులు కడుక్కోవడం, పెద్ద సిరలోకి గొట్టం వేసేటప్పుడు రోగిని పూర్తిగా శుభ్రమైన గుడ్డతో కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, వీలైనంతవరకు తొడ దగ్గర వేయకపోవడం, అక్కర తీరగానే తీసేయడం. 2006లో వెలువడిన లెక్కల ప్రకారం, గొట్టం ఉన్న ప్రతి వెయ్యి రోజులకు 2.7గా ఉన్న రక్త ఇన్ఫెక్షన్ల మధ్యస్థ రేటు సున్నాకు చేరింది.

కరోనా కాలంలో ఈ జ్ఞానమంతా మన ఇళ్లదాకా వచ్చింది. రోగిని బోర్లా పడుకోబెట్టడం 2013లో ఫ్రాన్స్ అధ్యయనం బలపరిచిన పద్ధతి. వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలను నూటికి 41 నుంచి 29కి తగ్గించిన డెక్సామెథసోన్ పాతదీ చవకదీ అయిన మందు. 2020లో బ్రిటన్ పరిశోధకులు కొద్ది నెలల్లోనే దాన్ని నిరూపించగలిగారంటే, పరీక్షించి చూసే అలవాటు అప్పటికే అక్కడ పాతుకుపోయి ఉండటం వల్లనే.

మన దేశంలో క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం 1993లో ఏర్పడింది. ఈరోజు తెలుగు జిల్లాల్లోనూ వెంటిలేటర్లు, డయాలసిస్ యంత్రాలు ఉన్నాయి. పురుగుమందు తాగినవారు, పాము కాటు తిన్నవారు, డెంగీ ముదిరినవారు వస్తారు మన ఐసీయూలకు. వాళ్లకు ఏది మేలో చెప్పే పెద్ద అధ్యయనాలను కోపెన్‌హాగెనో బోస్టనో చేసిపెట్టవు. అవి ఇక్కడే జరగాలి. ఎన్ని యంత్రాలు కొన్నామన్న లెక్క ప్రభుత్వాల దగ్గర ఉంటుంది. చేరినవారిలో తొంభై రోజుల తర్వాత ఎందరు బతికి ఉన్నారన్న లెక్క కూడా ప్రతి ఐసీయూ దగ్గర ఉండాలి. దాన్ని దాచకుండా ప్రజల ముందు పెట్టాలి. డెబ్బై ఏళ్ల పరిశోధన మన చేతికిచ్చిన కొలమానం అది.