శ్రీహరికోటలో రేపటికి వదిలిన చోటు

ఏర్పేడు నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటితే సూళ్లూరుపేట. అక్కడినుంచి పులికాట్ సరస్సు మీద వేసిన రోడ్డు పట్టుకుంటే శ్రీహరికోటలోని రాకెట్ ప్రయోగ కేంద్రం షార్. 2022లో జిల్లాలు విడదీశాక ఏర్పేడూ శ్రీహరికోటా రెండూ తిరుపతి జిల్లాలోకే వచ్చాయి. నేను భౌతికశాస్త్రం చెప్పే తరగతిలో పిల్లలు ఏ రాకెట్ ఎంత ఎత్తుకు పోయిందని అడుగుతుంటారు. అది తర్వాత చూద్దాం, ముందు ఏ రాకెట్‌లో ఏ పాత భాగం ఉందో వెతకండి అంటాను. షార్ చరిత్రను అలా చదవాలన్నది నా పట్టుదల.

1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్‌ఎల్‌వీ-3 మొదటి దశలో సుమారు తొమ్మిది టన్నుల ఘన ఇంధనం పట్టేది. ఎస్‌ఎల్‌వీ ప్రయోగాలు 1983తో ముగిశాయి. ఆ మొదటి దశ మాత్రం మూలన పడలేదు. తర్వాత వచ్చిన ఏఎస్‌ఎల్‌వీకి అటొకటి ఇటొకటి అదే బూస్టర్‌గా కట్టారు. పీఎస్‌ఎల్‌వీ వచ్చేసరికి చుట్టూ ఆరు కట్టారు. ఆ పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ జీఎస్‌ఎల్‌వీకి నడిమి భాగమైంది. పీఎస్‌ఎల్‌వీ రెండో దశలోని వికాస్ ఇంజన్ జీఎస్‌ఎల్‌వీ పక్క బూస్టర్లలోకీ, ఆ తర్వాత జంటగా ఎల్‌వీఎం3లోకీ చేరింది.

మా ఊళ్లో మిద్దె వేసేవాళ్లు పైన ఇంకో అంతస్తు లేస్తుందని స్తంభాల కడ్డీలు కోయకుండా వదులుతారు. పీఎస్‌ఎల్‌వీ కూడా అలా కట్టిందే. 1993 సెప్టెంబరు 20న తొలిసారి ఎగిరి విఫలమైంది, మరుసటి ఏడు అక్టోబరు 15న గెలిచింది. ఆ తర్వాత మోసే బరువును బట్టి రూపం మారుతూ వచ్చింది. 2007లో ఇటలీ ఉపగ్రహం అజిలే తేలికైనది కాబట్టి బూస్టర్లన్నీ తీసేశారు. 2008లో చంద్రయాన్-1 కోసం ఒక్కో బూస్టర్ ఇంధనాన్ని పన్నెండు టన్నులకు పెంచారు. 2019లో ఒకసారి రెండు బూస్టర్లతో, మరోసారి నాలుగింటితో పంపారు. చెప్పడానికి సులువే. ఒక బూస్టర్ తీస్తే బరువు మారుతుంది, తోపుడు బలం మారుతుంది, దారి లెక్కలన్నీ మళ్లీ మొదటినుంచి వేయాలి. ఆ ఓపికకు నేను నిజంగా చేతులెత్తి మొక్కుతాను.

పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. ఉపగ్రహాన్ని వదిలాక అది ఒట్టి చెత్తగా తిరిగేది. 2019 నుంచి దాన్నే ప్రయోగశాలగా వాడడం మొదలుపెట్టారు, 2022లో పోయెమ్ పేరుతో సొంతంగా తన దిశ నిలుపుకునే ఏర్పాటు చేశారు. 2024 డిసెంబరు 30న వెళ్లిన పోయెమ్-4లో అలసంద గింజలు మొలకెత్తి ఆకులు వేశాయి. మన చేలల్లో చల్లే అలసందలే!

నేల మీద కూడా ఇదే తీరు. షార్‌లోని మొదటి ప్రయోగ వేదికలో చాలా ఏళ్లు రాకెట్‌ను ప్రయోగం జరిగే చోటే నిలబెట్టి ఒక్కో దశా పేర్చేవారు, అన్నాళ్లూ వేదిక ఇంకో రాకెట్‌కు దొరికేది కాదు. రెండో వేదికకు వేరుగా ఒక భవనం కట్టారు. అందులో పేర్చి, పట్టాల మీద వేదిక దగ్గరికి తోలుకొస్తారు. 2005 మే 5న అక్కడ మొదట ఎగిరింది పీఎస్‌ఎల్‌వీనే. ఎల్‌వీఎం3 ప్రయోగాత్మకంగా లేచింది 2014 డిసెంబరులో. అంటే దాదాపు పదేళ్ల తర్వాత రాబోయే బరువైన రాకెట్‌ను లెక్కలో పెట్టుకునే ఆ వేదికను కట్టారన్నమాట. చంద్రయాన్-3 లేచింది అక్కడినుంచే. ఇప్పుడు గగన్‌యాన్‌లో అంతరిక్షానికి వెళ్లే మనుషుల కోసం దాన్నే సిద్ధం చేస్తున్నారు.

మూడో వేదికకు కేంద్ర మంత్రివర్గం 2025 జనవరిలో రూ.3,984.86 కోట్లతో ఒప్పుకుంది. గడువు నాలుగేళ్లు. రాబోయే తరం రాకెట్‌తో పాటు సెమీక్రయోజెనిక్ దశతో వచ్చే ఎల్‌వీఎం3 కూడా అక్కడినుంచి ఎగరగలగాలి, రెండో వేదికకు తోడుగా నిలవగలగాలి. రాబోయే తరం రాకెట్‌ను ఇంకా పెద్దది చేసినా పట్టేట్టు ఉండాలని ఇప్పుడే నిర్ణయించారు. ఆ రాకెట్ ఇంకా ఒక్కసారైనా ఎగరలేదు.