జపానుదేశపుఁ గత్తిపిడి: చుట్టుపనియొక్క చరిత్రము

తెలుఁగున 'పిడి' యను శబ్దము పిడికిలి, పిడికెడు మొదలగు శబ్దములతోఁ జేరి యున్నది. సంస్కృతమున 'ముష్టి' శబ్దము ముడిచిన చేతికిని గత్తిపట్టునకును సమానముగాఁ జెల్లును. ఖడ్గాదుల పిడికి 'త్సరు'వను వేఱుపేరును జెప్పిన యమరసింహుఁడును దానిని ముష్టిశబ్దముతోడనే వివరించెను. జపానుభాషలోఁ గత్తిపిడికి 'త్సుకా' యని పేరు. ఆ శబ్దమే పూర్వము పిడికిలి వెడల్పునకుఁ గొలమానముగాఁ గూడ వ్యవహరింపఁబడెను. క్రీ. శ. 712 లోఁ గూర్పఁబడిన 'కొజికి' యను ప్రాచీనగ్రంథమున దేవతలు ధరించిన 'తొత్సుకా నో త్సురుగి' యనఁగాఁ బది పిడికిళ్ల నిడివిగల కత్తి. త్సరు, త్సుకా శబ్దముల యాద్యక్షరసామ్యమును జూచి వానికిఁ జుట్టఱికమును గల్పింపఁబూనుట వైయాకరణులకుఁ దగదు. ఆ ధ్వనిసామ్యము యాదృచ్ఛికము. అర్థసామ్యము మాత్రము విచార్యము. మూఁడు భాషలవారును గత్తిపట్టునకుఁ జేతినిబట్టియే పేరిడిరి. పిడియొక్క ప్రయోజనము హస్తమునకు లోఁబడుటయే యని యా పేళ్లే చాటుచున్నవి.

జపానుకత్తులనుగూర్చి వ్రాసినవారిలోఁ బెక్కుమంది యలుగునే వర్ణించిరి. ఉక్కుయొక్క పాకము, పదునుపెట్టిన యంచున మబ్బువలెఁ గానవచ్చు రేఖ, కమ్మరియొక్క పేరు, వాని గురుపరంపర, ఇవియే వారికి విషయములు. పిడిమీఁద నడ్డముగాఁ బెనవైచుకొని వజ్రాకారపు సందులను విడిచిన పట్టుత్రాటి చుట్టు సొగసుకొఱకుఁ జేర్చిన యలంకారమని తొలిచూపునకుఁ దోఁచును. దాని నిర్మాణమును, కాలక్రమమున నది పొందిన మార్పులను బరిశీలించినచో నయ్యభిప్రాయము నిలువదు. ఆ చుట్టు కత్తికి నవయవము. దానికి 'త్సుకామకి' యని పేరు. 'మకి' యనఁగాఁ జుట్టుట.

మొదట నిర్మాణము తెలియవలెను. అలుగుయొక్క మొదలు పిడిలోనికిఁ జొచ్చి యుండును. పిడి 'హోనోకి' యను మెత్తని కఱ్ఱతోఁ జేయఁబడును. ఇది మాగ్నోలియా జాతి వృక్షము. కఱ్ఱను నిలువున రెండు చెక్కలుగాఁ జీల్చి, యలుగు మొదలు సరిగా నిముడునట్లు లోపల దొలిచి, వానిని మెతుకుల జిగురుతో నతికింతురు. కఱ్ఱకును నినుమునకును రంధ్రములు సరిపోవునట్లు చేసి, వెదురుమేకు నొకదానిని దూర్తురు. మేకును దీసినచో నలుగు పిడినుండి వెలుపలికి వచ్చును. వాడుకలోనుండు కత్తిపిడి సామాన్యముగా 24 సెంటీమీటర్ల ప్రాంతమున నుండును. ఇంతటి కత్తిని రెండుచేతులఁ బట్టి కొట్టునప్పుడు కలుగు నదురంతయు జిగురుతో నతికిన యా రెండు చెక్కలమీఁదఁ బడును. జిగురొక్కటియే దానిని దాళఁజాలదు. కావునఁ జెక్కలమీఁదఁ జర్మమును, జర్మముమీఁదఁ ద్రాడును వలసినవి.

ఆ చర్మమునకు జపానువారు 'సమెగవా' యని పేరిడిరి. 'సమె' యనఁగా సొఱచేప, 'కవా' యనఁగాఁ జర్మము. కాని వాస్తవమున నది సొఱచేపది కాదు. చాటవలె వెడల్పయి కొరడావంటి తోఁక గల టెంకుచేపది. ఆ జాతికి జపానుభాషలో 'ఎయి' యని వేఱుపేరు గలదు. అయినను వ్యాపారమునఁ బూర్వనామమే రూఢియయ్యెను. యోగార్థమును రూఢ్యర్థము బాధించుటకు నిది మంచి యుదాహరణము. ఈ చర్మముమీఁద దంతమువలెఁ గఠినములైన చిన్నచిన్న గుండ్రని పొక్కులు దట్టముగా నుండును. వెన్ను నడుమ నుండు కొన్ని మాత్రము పెద్దవి. వానిని 'తల్లిదండ్రుల గింజ'లను నర్థము గల పేరితోఁ బిలిచి, పిడికొనకు దగ్గఱగాఁ గానవచ్చునట్లు పొదుగుదురు. చర్మమును నానఁబెట్టి కఱ్ఱమీఁదఁ దొడిగినచో నది యాఱుచు ముడుచుకొని చెక్కలను బిగించును. పొక్కుల గరుకువలనఁ బైనిఁ జుట్టిన త్రాడు జాఱదు. ఇట్లొకే వస్తువు క్రిందిదానిని బంధించుటకును, బైదానిని నిలుపుటకును బనికివచ్చుచున్నది.

ఇఁక జుట్టుపని. త్రాడు సామాన్యముగాఁ బట్టుతో నల్లిన బల్లపరుపు పేట. ప్రత్తినూలుతోను, దోలుతోను జుట్టినవియుఁ గలవు. ఒక పిడికి నించుమించు 4 మీటర్ల త్రాడు పట్టును. అలుగుకవచమునకు దగ్గఱనున్న లోహపుఁ గట్టుకడఁ ద్రాటి నడిమిభాగము నుంచి, రెండు కొనలను రెండు ప్రక్కలకుఁ దెచ్చి, పిడి యొక్కొక్క ముఖముమీఁద నొకదానిపై నొకటి దాఁటించుచుఁ గొనవఱకుఁ జుట్టుదురు. దాఁటించుచోటఁ బేటను మెలిపెట్టుట 'హినెరి', చిటికెతో నొక్కిపట్టినట్లు మడుచుట 'త్సుమామి', మెలిపెట్టక పఱచుట 'హిరా'. ఈ మూఁడు పద్ధతులును బ్రధానములు. ఒకసారి కుడివైపుపేట పైకి వచ్చినచో మఱుసారి యెడమవైపుపేట పైకి రావలెను. ఆ క్రమము తప్పినచో బిగువొక ప్రక్కకుఁ దీసి, సందులు వంకరలగును. రెండు ముఖములమీఁదను సందుల సంఖ్య సమానము కావలెను. లోహపుఁ బ్రతిమలు రెండు, 'మెనుకి' యనునవి, చుట్టుక్రింద నిముడవలెను. వెదురుమేకు చుట్టుసందునఁ దేలవలెను. చివరఁ ద్రాటి కొనలు పిడికొన తొడుగు రంధ్రములగుండఁ బోయి, రెండు ప్రక్కల ముడులుగా ముగియును. ఒక్క చుట్టు సడలినచో మొదటినుండి విప్పి మరలఁ జుట్టవలసినదే. నడుమ సవరించుటకు మార్గము లేదు.

ఈ పనిలోఁ గంటికిఁ గానరాని భాగ మొకటి కలదు. ప్రతి దాఁటుక్రిందను రెండువైపుల మడిచిన కాగితపు ముక్కోణపుఁ దునుకల నుంతురు. వానికి 'హిషిగామి', అనఁగా వజ్రాకారపుఁ గాగితమని పేరు. ఒక పిడికి నవి పదులకొలఁది పట్టును. చుట్టు పూర్తియైన పిమ్మట నందొక్కటియు బయటికిఁ గానరాదు. కాని యవి లేనిచో దాఁటులు గుబ్బగా నిలువవు, సందులు తీరుగా రావు, చేయి నొక్కఁగానే త్రాడు ప్రక్కకు జరగును. నైపుణ్యమంతయుఁ బ్రధానముగా నీ కాగితమును గత్తిరించి యుంచుటయందే యున్నది. చూపఱులు మెచ్చుకొనునది పట్టుత్రాటిని. దానిని నిలిపియుంచునది కాగితము.

చరిత్రక్రమమును జూచినచో నీ యంగములన్నియు నొక్కమాఱు పుట్టినవి కావని తెలియును. జపానులో 6వ శతాబ్దపు సమాధులందు దొరకిన తిన్నని కత్తులలోఁ గొన్నిటి పిడులకు వెండితీఁగ చుట్టఁబడియున్నది. 756 లోఁ గోమ్యో రాణి, మరణించిన భర్తయగు షోము చక్రవర్తియొక్క వస్తువులను నారాలోని తోదాయి-జి దేవాలయమునకు సమర్పించెను. ఆ సమర్పణపట్టికలో నూఱు కత్తులు లెక్కింపఁబడినవి. అవి షోసోఇన్ అను భాండాగారమున నుంచఁబడెను. 764 లో ఫుజివారా నో నకమారో తిరుగుబాటు సమయమున నా యాయుధములలోఁ బెక్కు వెలికిఁ దీయఁబడెను. మిగిలిన కొలఁదివానిలోఁ దెల్లని చేపచర్మము తొడిగిన పిడిగల యలంకృతఖడ్గము నేటికిని గలదు. దానిపైఁ ద్రాడు లేదు. దీనివలన 8వ శతాబ్దమునాఁటికే చేపచర్మము రాజభోగ్యమై యుండెననియు, దానిపైఁ ద్రాడు చుట్టుట తప్పనిసరి కాకుండెననియుఁ దేలుచున్నది. ఆ కత్తి మహోత్సవములకొఱకు నడుమున వ్రేలాడునది. రెండుచేతులఁ బట్టి పోరాడునది కాదు. పోరు లేనిచోటఁ బైచుట్టుతోఁ బనిలేకపోయెను.

పిమ్మట వంపుగల యలుగులు ప్రబలెను. మొదట నవి పదును క్రిందికి వచ్చునట్లు నడుమున వ్రేలాడఁగట్టఁబడెడివి. మురోమాచి కాలమునఁ బదును మీఁదికి వచ్చునట్లు నడికట్టులో దోఁపుకొను 'ఉచిగతన' వాడుకయయ్యెను. అది కాల్బంటు చేతిలోని పోరుకత్తి. వ్రేలాడు కత్తులలోఁ బిడితోఁబాటు నొరయొక్క మీఁదిభాగమును గూడ నొకే త్రాటితోఁ జుట్టు జాతి యొకటి యేర్పడెను. దానికిఁ ద్రాటిచుట్టు కత్తియనియే యర్థమిచ్చు పేరు గలదు. ఎదోకాలమున నది పోరును విడిచి దేవాలయసమర్పణలకును, బ్రభువుల కానుకలకును వినియోగపడెను. అంతఃకలహములు తీవ్రములైన 16వ శతాబ్దమున నడుమ సన్నగిలి, రెండు కొనల వెడల్పయి, తోలుతోఁ జుట్టిన పిడులు మిక్కుటముగాఁ గానవచ్చును. 1573–1592 నడిమి తెన్షో యుగమునుబట్టి వానికి నా పేరే వచ్చినది. చెమ్మయు నెత్తురును సోఁకినను జెడకుండునట్లు చర్మమునకు నల్లని లక్కపూఁత పెట్టుటయు నా కాలపు వాడుక.

ఆ తరములోనివాఁడే హోసొకవా తదఓకి (1563–1646). ఇతఁడు యుద్ధవీరుఁడు, తేనీటి గోష్ఠికి గురువైన సెన్ నో రిక్యూయొక్క శిష్యుఁడు. ఇతని పేరితోఁ జెల్లుచున్న 'కసెన్' కత్తిపిడి నల్లని లక్క పూసిన చేపచర్మముపైఁ బొగపట్టిన తోలుతోఁ జుట్టఁబడినది. అందు మెఱుఁగు లేదు, ఆడంబరము లేదు. పట్టు మాత్రము దృఢము. హిగోసీమ కత్తులకు నది మాతృకయయ్యెను. ఎదోనగరమున షోగునుల ప్రభుత్వము స్థిరపడిన పిమ్మట నిట్టి స్వేచ్ఛకు హద్దు లేర్పడెను. కోటలోఁ గొలువునకుఁ బోవు సమురాయి నల్లలక్క యొర, తెల్లని చేపచర్మము, నల్లని పట్టుత్రాడు, కొమ్ముతోఁ జేసిన పిడికొన గల కత్తుల జోడును ధరింపవలెను. ఆ పిడికొనమీఁదుగాఁ ద్రాటిని దాఁటించి ముడివేయుట వాడుక. పోరున నక్కఱకుఁ బుట్టిన చుట్టు శాంతికాలమున మర్యాదాచిహ్నమయ్యెను. శబ్దములు యోగమును విడిచి రూఢిని బొందునట్లే వస్తువులును బొందును.

ఇచట నొక విశేషము గలదు. ఇంతటి సమురాయి చిహ్నమునకు ముఖ్యమైన చేపచర్మము చాలవఱకు విదేశమునుండి రావలసినది. 17వ శతాబ్దమున సయాముదేశపు టయుత్థయనగరమునుండి లేడితోళ్లును, టెంకుచేపతోళ్లును జపానునకు నోడలలోఁ బోవుచుండెను. 1635 లో జపానువారు పరదేశములకుఁ బోవుట నిషేధింపఁబడెను. 1639 లోఁ బోర్చుగీసువారు వెడలఁగొట్టఁబడిరి. 1641 నుండి హాలెండువారు నాగసాకిలోని దెజిమా దీవికిఁ బరిమితులైరి. అయినను దెరచియుంచిన యా చిన్నవాకిటిగుండఁ జేపచర్మము వచ్చుచునే యుండెను. హాలెండు కంపెనీకే యా శతాబ్దారంభమునుండి మచిలీపట్టణమున వర్తకశాల యుండెను. చోళమండలతీరపు సంబంధము జపానుభాషలో నేఁటికిని నిలిచియున్నది. చాఱల నూలుగుడ్డకును, ముడుతల తోలునకును జపానువారు 'సాంతోమె' యను పేరిడిరి. అది మయిలాపురములోని సాంతోమె రేవుపేరే. దేశము తలుపులు మూసికొన్నను వస్తువులు, వానివెంటఁ బేళ్లు లోనికిఁ బోవుచునే యుండునని దీనివలన స్పష్టము.

చుట్టుపనివారి చరిత్రము వ్రాయుట మాత్రము కష్టము. అలుగును జేసిన కమ్మరి తన పేరును మొదలుమీఁదఁ జెక్కును. ఆ చెక్కడముమీఁదనే పిడి వచ్చును. పిడిచుట్టువాఁడు మఱియొకని పేరును గప్పి కాపాడెనుగాని తన పేరును వ్రాయుటకుఁ జోటు లేకపోయెను. లోహపుఁ దొడుగుల పనివారును సంతకములు చేసిరి. 1781 లో నోసకావర్తకుఁడగు ఇనబా త్సూర్యూ ప్రకటించిన 'సోకెన్ కిషో' యను గ్రంథము కత్తి యాభరణముల పనివారిని బేరుపేరున నెన్నినది. త్రాడు చుట్టినవారికట్టి కీర్తి చిక్కలేదు. వారి పని స్వభావముచేతనే నశ్వరము. చెమటకుఁ బట్టు చివుకును, వాడుకకుఁ దెగును, కొంతకాలమునకు విప్పి క్రొత్తది చుట్టుదురు. కమ్మరి పేరు వందలయేండ్లు నిలువ, చుట్టువాని పని యొక తరమున మాయుట సామాన్యము.

దీనివలనఁ జరిత్రకారుల కొక హెచ్చరిక కలుగుచున్నది. ప్రదర్శనశాలలలో 13వ శతాబ్దపు టలుగున కమరియున్న పిడిని జూచి యాకాలమునఁ బిడులిట్లుండెడివని నిర్ణయించుట ప్రమాదము. అలుగొకనాఁటిది, లోహపుఁ దొడుగు లింకొకనాఁటివి, త్రాడు నిన్నటిది కావచ్చును. నగిషీలేని తెల్లకఱ్ఱ యొరలో నలుగును భద్రపఱచు వాడుకవలనఁ బాతపిడులు వేఱుపడి పోయినవియుఁ బెక్కు. తాళపత్రగ్రంథమును సంస్కరించు పండితుఁడు మూలమునకును, లేఖకుఁడు చేర్చినదానికిని భేదము నెఱుఁగవలసినట్లే కత్తి పరీక్షకుఁడును బొరలను వేఱుచేసి కాలనిర్ణయము చేయవలెను.

1876 లోఁ బోలీసులు, సైనికులు మున్నగువారు తప్ప నితరులు కత్తి ధరింపరాదని మెయిజి ప్రభుత్వము శాసించెను. ఆ శాసనము కమ్మరులను, చుట్టుపనివారిని నొక్కమాఱు జీవికకు దూరము చేసెను. క్రొత్తసేన మొదటఁ బాశ్చాత్యరీతి పిడులఁ గైకొని, 1934 లోఁ బ్రాచీనపుఁ ద్రాటిచుట్టును మరల నధికారులకత్తులకుఁ దెచ్చెను. 1945 లో నోటమి పిమ్మటఁ గత్తులు రాసులుగా స్వాధీనము చేయఁబడెను. 1948 లో జపాను కళాఖడ్గ సంరక్షణసంఘ మేర్పడెను. అలుగుపనితోఁబాటు చుట్టుపనికిని నా సంఘము పోటీలు పెట్టుచున్నది. ఇన్ని శతాబ్దములు పేరులేక యుండినవారి పనికిఁ బేరు వ్రాసి మెచ్చుట యీ కాలమునఁ గలిగిన లాభము.

అయినను నొక సమస్య మిగిలియున్నది. చివికిన పాతచుట్టును విప్పి క్రొత్తది చుట్టినచోఁ గత్తి నిలుచును, పనివాని విద్య నిలుచును. కాని పాతవాఁడు కాగితపుఁ దునుక నెట్లు మడిచెనో తెలుపు నేకైకసాక్ష్యము నశించును. విప్పక యుంచినచో సాక్ష్యము నిలుచును. విద్యకు నభ్యాసము కొఱవడును. దీనికి నుభయతారకమైన మార్గమొక్కటియే. కాలము నిశ్చితమైన ప్రాచీనపిడి నంటక, దానిని జూచి క్రొత్తకఱ్ఱమీఁదఁ బ్రతిరూపమును జుట్టుట. మూలప్రతిని భద్రపఱచి, ప్రతి వ్రాసికొని చదువుట యెఱిఁగిన పండితలోకమున కీ న్యాయము క్రొత్తది కాదు. త్రాటిని జుట్టిన చేతులు గతించినవి. వాని జాడ యా మడతలలో మాత్రమే యున్నది. దానిని జెఱుపకుండఁ జదువుటయే పరిశోధకులకుఁ గర్తవ్యము.