కమానుకు ఇంకో పట్టీ

వయొలిన్ వాయించే విల్లును కమాను అంటాం. ఊరేగింపు దారిలో కట్టే తోరణ ద్వారమూ కమానే. లారీ చక్రాల దగ్గర వంపు తిరిగి ఉండే ఉక్కు పట్టీల కట్టకూ మనవాళ్లు పెట్టిన పేరు అదే. పారశీకంలో కమాన్ అంటే విల్లు. బరువు పడితే వంగడం, తీస్తే లేవడం - అదే దాని వృత్తి.

మా వీధిలో ఒకాయన ఇంట్లో బంగారం కుదువపెట్టి చిన్న ట్రక్కు కొన్నాడు. సిమెంటు బస్తాలు తోలుతాడు. ట్రిప్పుకి పది బస్తాలు ఎక్కువేస్తే అప్పు తొందరగా తీరుతుందని ఆయన లెక్క. వెనక భాగం అప్పటికే కాస్త కుంగింది. కమాన్ల మేస్త్రీ దగ్గరికెళ్లి, "రెండు పట్టీలు ఎక్కువ వెయ్యండి మేస్త్రీగారూ" అన్నాడు.

"వేస్తాను బాబూ. మరి బ్రేకులు ఎవరు పెంచుతారు?" అన్నాట్ట ఆయన.

ఈ ప్రశ్న నిన్నటిది కాదు సుమండీ!

స్ప్రింగు ఎంత బరువుకి ఎంత వంగుతుందో చెప్పినవాడు రాబర్ట్ హుక్. 1676లో ఆ సూత్రాన్ని అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథలా అచ్చువేయించి, 1678లో తనే విప్పాడు. 1804 ప్రాంతంలో ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ రెండు కమాన్లను ఎదురెదురుగా కలిపి కోడిగుడ్డు ఆకారం చేసి, గుర్రబ్బండిని దానిమీద కూర్చోబెట్టాడు. ప్రయాణికుల నడుములు కుదుటపడ్డాయి.

తరవాతి ముచ్చట అమెరికాది. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారుకి ముందొకటి, వెనకొకటి, అడ్డంగా రెండే కమాన్లు. రైతులు వెనక సీటు పీకి పెట్టె బిగించి సరుకు వేసేవారు. ఫోర్డు కంపెనీయే 1917లో టన్ను బరువు మోసే మోడల్ టిటి తెచ్చింది. అందులో కమాన్లు మార్చి ఊరుకోలేదు. ఛాసిస్ గట్టిచేశారు. చక్రాల నడుమ దూరం 100 అంగుళాల నుంచి 124కి పెంచారు. వెనక ఇరుసు పళ్లచక్రాల ఏర్పాటే మార్చేశారు. 1925లో కారుకే సరుకు పెట్టె బిగించిన పికప్ వచ్చినప్పుడు మాత్రం వెనక గట్టి కమానుతో సరిపెట్టారు. ఎందుకంటే అది తేలిక బరువుల బండి!

కిటుకంతా ఇక్కడే ఉంది. అయిదు పట్టీలకు అదే కొలత పట్టీ ఇంకోటి కలిపితే బిగువు సుమారు అయిదోవంతు పెరుగుతుంది. మందం రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లు. బండి కుంగదు, నిజమే. కాని టైర్లు, ఇరుసు, బేరింగులు, బ్రేకులు పాతవే. రిజిస్ట్రేషన్ కాగితం మీది బరువూ పాతదే. పైగా ఖాళీగా వచ్చేటప్పుడు బిగుసుకున్న కమాను బండిని బంతిలా ఎగరేస్తుంది.

చివరికి మేస్త్రీ కొత్త పట్టీ ఏదీ వెయ్యలేదు. సాగిపోయిన పాత పట్టీలను కాల్చి, వంపు తెచ్చి, పదును పెట్టి బిగించాడు. మా వీధి ఆయన ఇప్పుడు రోజుకో ట్రిప్పు ఎక్కువ తోలుతున్నాడు. బంగారం ఇంకా విడిపించలేదు. అయినా రాత్రి తొమ్మిదయ్యేసరికి బండీ ఆయనా ఇంటి ముందుంటున్నారు.