బలమా? సుఖమా?

హైదరాబాదు నుండి శ్రీశైలమునకు పోవు బాట ఆమనగల్లు, కల్వకుర్తి దాటి, నల్లగొండ జిల్లాలోని డిండిని తాకి, పాత మహబూబునగరము జిల్లాలోని మన్ననూరు వద్ద నల్లమల నెక్కును. ఇంతదూరము మోటారు సైకిలుపై పోవువానికి ముందు కావలసినది ఇంజను బలమా, ప్రయాణ సుఖమా? ఈ ప్రశ్న నేటిది కాదు.

పూర్వపు మోటారు సైకిళ్ళలో పెక్కింటికి వెనుక చక్రము చట్రమునకే బిగింపబడి యుండెడిది. వెనుకవైపు స్ప్రింగు లుండినది సీటు క్రింద మాత్రమే. ఇంజను ఎంత బలమైనదైనను, వేగమునకు హద్దు గీసినది రౌతు నడుమే. 1948లో ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ తన బులెట్టు బండికి వెనుక చక్రమును కూడ స్ప్రింగులపై నిలిపినది. మెత్తదనము పట్టును చెరచునని కొందరు శంకించిరి. జరిగినది వేరు. చక్రము ఎగిరిపడక నేలను పట్టియుండుటచే ఇంజను బలము వృథా పోలేదు. సుఖమే బలమునకు తోడైనది.

భారత సైన్యమునకు 800 బులెట్లు కావలసివచ్చిన పిమ్మట, 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ వెలసినది. ఆ బండి ఇంజను 346 ఘన సెంటీమీటర్లది. శక్తి 18 అశ్వశక్తులు. బరువైన చక్రముతో నిదానముగా తిరుగుచు, తక్కువ వేగముననే లాగుట దాని గుణము. 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350 ఇంజను పరిమాణమున దానికి సాటియే; శక్తి మాత్రము సుమారు 30. యువకులు దానిని మెచ్చిరి. కాని పెట్రోలు దాహము, విడిభాగముల ఖరీదు దానిని నిలువనీయలేదు. బులెట్టు నిలిచినది.

ఇట్లని బలమును తక్కువచేయరాదు. చౌటుప్పల్, సూర్యాపేటల మీదుగా విజయవాడకు పోవు వెడల్పు బాటపై లారీని దాటుటకు మిగులు శక్తి అవసరమే. అయితే వేగము రెండింతలైనచో గాలిని చీల్చుటకు ఎనిమిదింతల శక్తి కావలెను. ఇంజను చుట్లు రెండింతలైనచో పిస్టను పుట్టించు అదురు నాలుగింత లగును. ఆ అదురు చేతులలోనికి దిగును. 1975లో 999 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో వచ్చిన జపాను హోండా గోల్డ్ వింగ్ సైతము, 1980 నాటికి గాలితెరను, సామాను పెట్టెలను తగిలించుకొనవలసి వచ్చినది.

సుఖమనగా విలాసము కాదు. మూడుగంటలు కుదుపు తిన్న చేయి తిమ్మిరెక్కును. తిమ్మిరెక్కిన చేయి బ్రేకును ఆలస్యముగా నొక్కును. ఎదురుగా మేకలమంద వచ్చినప్పుడు ఆ ఆలస్యమునకు మూల్యము ప్రాణమే కావచ్చును. అలసట లేని శరీరమే మెలకువగల మనస్సు. ఇక మన్ననూరు దాటినపిమ్మట అది పులుల అడవి. రాత్రివేళ అచ్చటి గేటు మూయబడును. గేటు ముందు పదునెనిమిది గుఱ్ఱములైనను, ముప్పదియైనను ఒక్కటే. తెల్లవారిన పిమ్మట గేటు తెరచునప్పుడు, నడుము నొప్పి లేక బండి నెక్కగలవాడే శ్రీశైలమును క్షేమముగా చేరును.