యంత్రం కోరిన నేల: మాసచూసెట్స్ క్రాన్‌బెర్రీ మడుల చరిత్రపై ఒక పరిశీలన

వ్యవసాయ యాంత్రీకరణ చరిత్రను సాధారణంగా యంత్రాల చరిత్రగానే రాస్తుంటారు. యంత్రం కోసం నేల ఎలా మారిందన్న ప్రశ్న వెనుకబడిపోతుంది. అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రపు క్రాన్‌బెర్రీ సాగులో ఆ ప్రశ్నే ప్రధానమైనది.

క్రాన్‌బెర్రీ నేలపై పాకే తీగ. పుల్లని ఎర్రటి కాయలు కాస్తుంది. అది పెరిగే ఆమ్లగుణపు చిత్తడి నేలను ఆంగ్లంలో ‘బాగ్’ అంటారు. గట్లు వేసి నీరు నిలిపే సాగుభూమి కాబట్టి ఈ వ్యాసంలో ‘మడి’ అని వ్యవహరిస్తున్నాను. 1816 ప్రాంతంలో కేప్ కాడ్‌లోని డెన్నిస్ ఊరిలో హెన్రీ హాల్, గాలికి ఇసుక వచ్చి పడినచోట ఈ తీగ ఏపుగా పెరగడం గమనించాడు. సాగుకు అదే నాంది. ప్రాచీన హిమానీనదాలు విడిచిపోయిన గుంటల్లోని చిత్తడులే చాలావరకు మడులయ్యాయి. గుంట ఎటు వంపు తిరిగితే మడీ అటే తిరిగింది. చేతితో ఏరేవారికి గానీ, చెక్క పళ్ళున్న ‘స్కూప్’తో దువ్వి కోసేవారికి గానీ దానితో ఇబ్బంది లేదు. ఈ కూలీలలో కేప్ వర్డీ దీవుల నుంచి వలస వచ్చినవారు ఎక్కువ. 1933లో వారు సమ్మెకు కూడా దిగారు.

అయితే మడుల రూపాన్ని మార్చినది కూలీల సమస్య కన్నా విపణి అని నా అభిప్రాయం. 1959 నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండుగ ముందు, అమినోట్రయజోల్ అనే కలుపుమందు అవశేషాలపై ప్రభుత్వం హెచ్చరిక జారీ చేయడంతో అమ్మకాలు కుప్పకూలాయి. తాజా కాయల పండుగ గిరాకీనే నమ్ముకోవడం ఎంత ప్రమాదమో రైతులకు తెలిసివచ్చింది. ఓషన్ స్ప్రే సహకార సంస్థ పళ్ళరసం వైపు మొగ్గింది. రసానికి వెళ్ళే కాయ తడిసినా నష్టం లేదు. దాంతో 1960లలో నీటికోత వ్యాపించింది. మడిని నీటితో నింపి, తిరిగే కడ్డీల యంత్రంతో తీగలను కుదిపితే కాయలు రాలి తేలుతాయి. కాయ లోపల నాలుగు గాలి అరలుంటాయి.

ఇక్కడే నేల అడ్డు తగిలింది. మడి ఎగుడుదిగుడుగా ఉంటే మెరకన తీగ బయటపడుతుంది, పల్లాన యంత్రం మునుగుతుంది. మెరక మునగాలంటే నీరు అదనంగా పెట్టాలి. అందుకని గట్లు బలపరిచారు, మడి నడుమ కాలువలను పూడ్చి అంచులకు జరిపారు, పాత తీగలను పెకలించి నేలను చదును చేశారు. ఎర్లీ బ్లాక్, హోవ్స్ వంటి పాత రకాల స్థానంలో 1950లో విడుదలైన స్టీవెన్స్ వంటి అధిక దిగుబడి రకాలను నాటడానికి అదే అదను అయింది. ఈ పని పెట్టుబడి ఉన్నవారికే సాధ్యం. విశాలమైన దీర్ఘచతురస్రపు మడులున్న విస్కాన్సిన్ రాష్ట్రం 1990లలో ఉత్పత్తిలో మాసచూసెట్స్‌ను దాటిపోయింది.

వంకర మడుల్లో కొన్ని సాగు నుంచే తొలగిపోయాయి. ప్లిమత్ సమీపాన టిడ్‌మార్ష్ క్షేత్రంలో ఆనకట్టలు తొలగించి, కాలువలు పూడ్చి, చదునైన నేలలో యంత్రాలతోనే మళ్ళీ గుంటలూ దిబ్బలూ కల్పించారు. 2017లో అది వన్యప్రాణి అభయారణ్యంగా ప్రజలకు తెరుచుకుంది.