గొలుసు ఎవరికి?

సాయంత్రం మా పాలమూరు వీధుల్లో షికారుకొచ్చే కుక్క మెడలో బెల్టు ఉంటుంది. గొలుసు మాత్రం యజమాని చేతిలో ఊగుతుంటుంది. "ఏమీ చెయ్యదండీ!" అని దూరంనుంచే అభయమిస్తాడు.

1860 నాటి శిక్షాస్మృతి ఆ మాట నమ్మలేదు. తన జంతువువల్ల మనుషులకు అపాయం కలగకుండా చూసుకోనివాడికి 289వ సెక్షను కింద 6 నెలలదాకా జైలో, 1000 రూపాయలదాకా జరిమానాో, రెండూనో అంది. నిజాం రాజ్యం పోయాక 1951లో ఆ చట్టం మన జిల్లాలకూ వచ్చింది. ఆ వెయ్యి 2024 జూలైలో, న్యాయసంహిత 291వ సెక్షనుతో, 5000 అయింది.

ఆ ఏడాది ఫిబ్రవరిలోనే అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో 20 వీధికుక్కల్ని కాల్చి చంపారు. ఓ పెంపుడు కుక్కను ఊరకుక్కలు చంపాయన్న కక్షే కారణమన్నారు పోలీసులు. కుక్కల తగవులో తుపాకి పట్టింది మాత్రం మనిషే. అందుకే కాబోలు, చట్టం మొదటినుంచీ కుక్కను కాదు, మనిషినే కట్టేసింది!